ఆకులేని పువ్వు

మా ఇంట్లో ఎవరైనా అబద్ధం చెబితే "ఆకులేని పువ్వు" అనేవాళ్ళు. బడి ఎగ్గొట్టడానికి కడుపునొప్పి అన్నా అదే మాట, ఆటలో పడి ఆలస్యంగా వెళ్ళి రేషన్ కొట్లో కిరసనాయిలు అయిపోయిందని వట్టి డబ్బాతో తిరిగొచ్చినా అదే మాట. కలకత్తా ఓడరేవులో, ఖిదిర్‌పూర్ డాకుల పక్కనున్న మా కూలీల లైను మొత్తం ఈ మాట నడిచేది. కాలేజీలో చేరేదాకా నేను దాన్ని తెలుగు సామెత అనుకున్నాను. అది మా నానమ్మ నోటి నుంచి పుట్టిన మాట అనీ, దానివల్ల ఆవిడ మాటకు ఇంట్లో పూచికపుల్ల విలువ లేకుండా పోయిందనీ ఆలస్యంగా తెలిసింది.

నానమ్మది పాలకొండ దాటాక కొండల మొదట్లో ఉండే పల్లె. పదమూడో ఏట తాతను కట్టుకుని కలకత్తా వచ్చింది. తాత ఓడల్లోంచి బస్తాలు మోసేవాడు. వచ్చిన కొత్తలో కొళాయి దగ్గర మన తెలుగు ఆడవాళ్ళు మీ ఊళ్ళో ఏమున్నాయని అడిగితే, ఉన్నదున్నట్టు చెప్పింది. మా గుగ్గిలం అడవిలో ఎండాకాలం నేలే పువ్వు పూస్తుంది, ఆకుండదు, కాడుండదు, మట్టి మీద పువ్వు ఒక్కటే ఉంటుంది, ఏడేళ్ళప్పుడు నా కళ్ళతో చూశాను అంది. వాళ్ళు నిండు బిందెలు కింద దించి మరీ నవ్వారట. సాయంత్రానికి కబురు తాతకు చేరింది. ఆయన అందరికన్నా ఎక్కువ నవ్వి, మర్నాడు ఆ మాటను డాకుల్లో ఊరేగించాడు.

తాత చెడ్డవాడు కాదు. వెటకారం నంజుకోకపోతే ఆయనకు గంజి దిగదు, అంతే. లైన్లో ప్రతి మనిషికీ ఒక పేరు పెట్టాడు, ఆ పేర్లన్నీ నిలిచిపోయాయి. నానమ్మ వంతుకు వచ్చినది మాత్రం పేరు కాదు, ముద్ర. పాలు విరిగాయంటే ఆకులేని పువ్వు. పైకప్పు కారుతోందంటే ఆకులేని పువ్వు, నడినెత్తి మీద చుక్క పడేదాకా. నానమ్మ గొడవ పెట్టుకునేది కాదు. "నిజం నిలకడ మీద తెలుస్తాది మావా," అని పొయ్యి ఊదుకునేది. మావయ్యనే కట్టుకుంది కాబట్టి ముసలితనంలోనూ అదే పిలుపు. చిన్నప్పుడు నేనూ అందరితో పాటు నవ్వాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా గుమ్మం పక్కన ఓడలకు రంగులు వేసే డబ్బాలు, మూతలు కోసేసినవి, ఆరు ఉండేవి. నాలుగింట్లో పసుపు వేసేవాళ్ళం. రెండింట్లో దెబ్బల దుంప. అత్తారింటికి పంపేటప్పుడు వాళ్ళమ్మ నానమ్మ కొంగున కట్టిన దుంపలవి. బస్తాలు మోసి భుజం వాచినవాళ్ళు సాయంత్రం పూట మా గుమ్మంలోకి వచ్చేవాళ్ళు. నానమ్మ దుంప అరగదీసి పట్టు వేసేది. కర్పూరం లాంటి ఘాటు వాసన, నాలుకకు తగిలితే చేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గానీ మా లైన్లో ఆ మాట చెల్లలేదు. తాత భుజాల మీద ఆ పట్టు ఆరని రోజు నాకు గుర్తులేదు.

దాని ఆకు అచ్చం పసుపాకు లాగే ఉండేది. పైన మాత్రం వెండి మరకలు, తిరగేస్తే ఊదా ఎరుపు. అందుకని అందరూ దాన్ని పసుపు చుట్టం అనుకున్నారు, పసుపుకు చేసిన మర్యాదే దానికీ చేశారు. మాఘంలో ఆకు ఎండగానే పసుపుతో పాటే తవ్వేయడం, వాడుకోగా మిగిలినవి గోనెసంచిలో కట్టి అటక ఎక్కించడం, జ్యేష్ఠంలో తొలి వాన పడగానే మళ్ళీ నాటడం. ఎండలు ముదిరినప్పుడు అటక మీద ఆ దుంపలకు వేలెడంత లేత మొలకలు వచ్చేవి. వానలకు ముందే మొలిస్తే దుంప సత్తువ పోతుందని నానమ్మ వాటిని తుంచెయ్యమనేది. నిచ్చెన ఎక్కేంత తేలికగా ఉండేదాన్ని కాబట్టి ఆ పని నాది. ఏటా ఎక్కి, లెక్కలేనన్ని తుంచాను. బుద్ధిమంతురాలినని మెప్పు కూడా పొందాను.

ఎనభైల మధ్యలో వృక్షశాస్త్రం చదవడానికి కాలేజీలో చేరాను. మా లైన్లో ఆడపిల్ల కాలేజీ గడప తొక్కడం అదే మొదలు. యాభై మొక్కలు సేకరించి, పాత పేపర్ల మధ్య అణచి ఎండబెట్టి, అట్టల మీద అంటించి, ఒక్కోదాని కింద పేరు రాసి ఇవ్వాలి. ఇంటి ముందున్నదే కదా, సులువుగా ఒక అట్ట నిండుతుందని దెబ్బల దుంప ఆకు తీసుకెళ్ళాను. మా మేడం బెంగాలీ ఆవిడ, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ఆకును కంటికి ఆనించుకుని చూసేది. తిరగేసి, మడతపెట్టి, వాసన చూసి, "పసుపు కాదు, దాని కుటుంబమే. పువ్వు తీసుకురా. పువ్వు లేకపోతే పేరు చెప్పలేను," అంది.

ఇది పూయదండీ అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, ఎప్పుడు తవ్వుతారు, ఎప్పుడు నాటుతారు అని అడిగింది. చెప్పాను. ఆవిడ ఆకు నా చేతికి తిరిగిచ్చి, "ఈసారి ఒక డబ్బా తవ్వకుండా వదిలెయ్. నీళ్ళు పొయ్యకు. ఏం జరుగుతుందో చూద్దాం," అంది. చైత్రం ఆఖరుకు అట్టలు ఇచ్చెయ్యాలి. వేరుతో, పువ్వుతో సహా కావాలి.

ఇంటికొచ్చి చెబితే నానమ్మ ఒప్పుకోలేదు. "అలగ వొగ్గీస్తే కుల్లిపోద్దే గుంటా. మా యమ్మ ఎన్నడూ వొగ్గలేదు," అంది. రెండు రోజులు బతిమాలితే ఒక డబ్బాకు సరే అంది. మాఘంలో ఆకు ఎండి రాలింది. ఫాల్గుణం వచ్చేసరికి ఆకు ఆనవాలు కూడా లేదు. డబ్బాలో బీటలు వారిన మట్టి తప్ప ఏమీ లేదు. అమ్మ అందులో కొత్తిమీర వేస్తానని రోజూ అడిగేది. తాత పొద్దున్నే పళ్ళు తోముకుంటూ వచ్చి, ఖాళీ డబ్బాలోకి తొంగి చూసి, "ఏటే గుంటా, మీ నానమ్మ పువ్వు పూసిందేటి?" అని అడిగి, తనే నవ్వుకుని వెళ్ళేవాడు. ఆ మాట అంటున్న ఆయనకు గానీ, వింటున్న నాకు గానీ, నానమ్మకు గానీ, అది నిజమయ్యే అవకాశం ఉందన్న ఊహే రాలేదు.

చైత్రంలో ఒక శనివారం సాయంత్రం గాలివాన వచ్చింది. కలకత్తా వాళ్ళు కాలబైశాఖి అంటారు. కరెంటు పోయింది, అది ఎటూ రోజూ పోయేదే. యూనియన్ ఆఫీసు మీది ఎర్రజెండాలు చిరిగి మా రేకుల మీద పడ్డాయి. తెల్లారి ఆదివారం. నేను లేచేసరికి తాత చీకటితోనే మొదటి రైలుకు బడ్జ్ బడ్జ్ వెళ్ళిపోయాడు. ఉద్యోగం నుంచి దిగిపోయాక ప్రతి ఆదివారం ఆయనకు అదే పని. అక్కడ జూట్ మిల్లు లైన్లో ఉండే తన చెల్లెలి ఇంటి అరుగు మీద పేకాట.

ముఖం కడుక్కోవడానికి బయటికొచ్చి డబ్బా వైపు చూశాను. తడి మట్టి మధ్యలో ఒక పువ్వు ఉంది.

మొదట నాకు వచ్చింది కోపం. వెళ్తూ వెళ్తూ తాత ఎవరి పూజ బుట్టలోంచో ఒక పువ్వు తెచ్చి మట్టిలో గుచ్చి పోయాడనుకున్నాను. పరీక్ష దగ్గర పడుతుంటే ఈ వేళాకోళం ఏమిటని, పీకి పారేద్దామని రెండు వేళ్ళతో పట్టుకున్నాను. పువ్వు రాలేదు. ఇంకాస్త లాగాను. మట్టి వదల్లేదు. లోపల ఏదో గట్టిగా పట్టుకుని ఉంది. ఆ పట్టు నా వేళ్ళకు తెలిసింది.

చెయ్యి తీసేసి, తడి నేల మీదే కూర్చున్నాను. సన్నటి తెల్ల రేకులు రెండు నిటారుగా నిలబడి ఉన్నాయి. వాటి కింద లేత ఊదా రంగు రేకు రెండుగా చీలి వాలి ఉంది, నడిమికి వచ్చేసరికి రంగు చిక్కబడింది. కాడ లేదు, ఆకు లేదు, మొక్క అనదగ్గది ఏదీ లేదు. వట్టి మట్టి, దాని మీద ఇది. వంగితే సన్నటి వాసన. పువ్వు ఒక రోజులో తయారవదని, ఇన్నాళ్ళూ లోపల చీకట్లో ఈ రంగులన్నీ అమర్చుకుంటూ ఉందని నేను చదువుకున్నదాన్నే, నాకు తెలుసు. తెలిసినా నమ్మబుద్ధి కాలేదు. పక్కనే ఇంకో తెల్ల మొన మట్టిని చీల్చుకుని వేలెడంత పైకి వచ్చి ఉంది. దాన్ని ఎక్కడో చూశాననిపించింది. చూడటమేమిటి, అవి అటక మీది మొలకలు. ఏటేటా నేను తుంచి పారేసినవి మొగ్గలు.

నాకు ఏడుపొచ్చింది. దేవుడి ముందు కూడా అంత భయభక్తులతో ఎప్పుడూ కూర్చోలేదు.

నానమ్మను లేపి తీసుకొచ్చాను. ఆవిడ డబ్బా ముందు గొంతుక్కూర్చుంది. పువ్వును ముట్టుకోలేదు, దాని చుట్టూ మట్టిని మాత్రం అరచేత్తో సర్దింది.

"ఇదే," అంది చివరికి. "అడవిలో నాను సూసింది ఇదే."

తర్వాత మెల్లగా, ఒక్కో మాటా తనకు తానే చెప్పుకుంటున్నట్టు, "ఇది దెబ్బల దుంపేనేటే? అయితే కొంగున కట్టుకుని తెచ్చుకున్నది ఇదేనా? నలబయ్యేల్లూ నా సేతుల్తో నానే తవ్వీసినానా?" అంది.

వాళ్ళమ్మకు తెలిసే ఉండాలి. కూతురికి మందు సంగతి చెప్పింది, పువ్వు సంగతి చెప్పే లోపు పెళ్ళి చేసి పంపేసింది.

నా అణిచే చెక్కలు, పాత పేపర్లు గోడవారన సిద్ధంగా ఉన్నాయి. ఎండ ఎక్కకముందే తవ్వి, పేపర్ల మధ్య పెడితేనే రంగు నిలుస్తుందని మేడం పదిసార్లు చెప్పింది. నేను చిన్న పార అందుకున్నాను. నానమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"మీ తాత సూడాలి."

సాయంత్రం వస్తాడుగా అన్నాను. మాట పూర్తి కాకముందే నాకే తెలిసింది, సాయంత్రం దాకా ఈ పువ్వు ఉండదు. అప్పటికే రేకులు పల్చబడుతున్నట్టున్నాయి. మరోటి పూస్తుందిగా అని మొగ్గను చూపించాను. అది పూస్తుందో కుళ్ళుతుందో తనకు తెలియదంది. నాకు చిరాకేసింది, పారను విసిరికొట్టాను కూడా. ఆవిడ పట్టించుకోకుండా చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపి, డబ్బాకు ఒక వైపు చెయ్యి వేసింది. "అటుపక్క పట్టు," అంది. ఏనాడూ ఇంట్లో ఎవరికీ ఏదీ చెప్పి చేయించుకోని మనిషి అలా అనేసరికి పట్టక తప్పలేదు.

బస్సులో మాజేర్హాట్ దాకా, అక్కణ్ణుంచి బడ్జ్ బడ్జ్ బండిలో. ఆడవాళ్ళ పెట్టెలో డబ్బాను కాళ్ళ మధ్య పెట్టుకుని, కిటికీ లోంచి వచ్చే గాలికి నానమ్మ కొంగు అడ్డం పట్టింది. కింద కూర్చుని ఒకావిడ ఉంది, ఆక్రా దగ్గర ఇటుక బట్టీలో పని చేస్తుందట, తల నిండా ఎర్రదుమ్ము. ఆవిడ మెడ చాచి డబ్బాలోకి చూసింది.

"ఓ మా, భుయిచాపా," అంది. "కొల్‌కాతాలో ఎక్కడ దొరికింది?"

నేల సంపెంగ అని దాని అర్థం. ఆరు నెలలుగా నేను పుస్తకాల్లో వెతుకుతున్న పేరును ఆవిడ గాజులు సర్దుకుంటూ చెప్పేసింది. వాళ్ళది బాంకురా వైపు అడవి ఊరట. అక్కడ ఇది గుగ్గిలం చెట్ల కింద పూస్తుందట. "ఆగే ఫూల్, పొరే పాతా," అంది, ముందు పువ్వు, తర్వాత ఆకు. పువ్వున్నప్పుడు ఆకుండదు, ఆకు వచ్చేసరికి పువ్వు ఆనవాలుండదు. ఇంత చిన్న సంగతి, ఎవరో ఒకరు ఏడాది పొడుగునా ఒక్క చోట నిలబడి చూస్తే చాలు. మేం చూడలేదు. దానికి తెలుగులో కొండకలువ అని పేరుందని తర్వాత పుస్తకంలో కనబడింది. రెండో మొగ్గను తవ్వడానికి మనసొప్పక, ఆ ఏడు నా అట్ట మీద ఆకు అంటించి, పువ్వు చోటు ఖాళీగా వదిలి, కింద పేరు రాశాను. ఖాళీకి మేడం మార్కులు తగ్గించింది, నేనూ గొణగలేదు.

నానమ్మ ముందుకు వంగి ఆవిణ్ణి బెంగాలీలో అడిగింది, నువ్వు చూశావా, నీ కళ్ళతో చూశావా అని. ఆవిడ నవ్వి, ఎన్ని సార్లో అంది. నలభై ఏళ్ళలో నానమ్మకు దొరికిన మొదటి సాక్షి ఆవిడ. ఆక్రాలో దిగిపోయేదాకా నానమ్మ ఆవిడ చెయ్యి వదల్లేదు.

ఆవిడ దిగిపోయాక నానమ్మ నా వైపు తిరిగింది.

"పువ్వు కోసం కాదే అమ్మీ," అంది. "మీ నాన్న తరవాత నాకో గుంట పుట్టింది. రెండో ఏడు నడస్తన్నాది. జొరం తగిలింది. జొరాలు అందరికీ వస్తాయి గానీ, ఆ పొద్దు దాని ఊపిరి వేరేగ ఉన్నాది. డొక్క లోపలికి పోతన్నాది. ఆస్పటల్‌కి ఎత్తుకెల్దుం రా మావా అన్నాను. మల్లీ ఆకులేని పువ్వు పూయించినావేటే, సాయంత్రం సూద్దుంలే అని నవ్వీసి డూటీకెల్లిపోనాడు. నానొక్కదాన్నే ఎత్తుకుని రోడ్డు దాకా ఎల్లినాను. దారి తెలీదు, బాస రాదు. సాయంత్రానికి గుంట లేదు."

నాకు ఒక మేనత్త ఉండేదని మాత్రమే తెలుసు. ఎలా పోయిందో ఆ రోజే విన్నాను.

"నన్ను నమ్ము అని మీ తాతని ఎన్నడూ అడగలేదు. ఈ ఒక్కటీ కల్లతో సూస్తే సాలు."

 మిగతా దారంతా నేను పువ్వునే చూస్తూ కూర్చున్నాను, వాడకు వాడకు అని దాన్ని లోపల్లోపల బతిమాలుతూ.

మిల్లు లైను చేరేసరికి పదకొండు దాటింది. తెల్ల రేకులు తడిసిన కాగితంలా పల్చబడి ఒకటి పక్కకు వాలింది. ఊదా రేకు మాత్రం ఇంకా వాడలేదు. అరుగు మీద నలుగురు ముసలాళ్ళు ఆడుతున్నారు. మేం డబ్బా తెచ్చి ముక్కల మధ్యలో దించాం. తాత దాన్ని చూశాడు, నానమ్మను చూశాడు, అలవాటుగా మూతి వంకర తిప్పాడు.

"ఎక్కడ కొన్నావే ఇది?"

"మట్టి తీసి సూడు," అంది నానమ్మ.

ఆయన నవ్వుతూనే చూపుడువేలితో పువ్వు మొదట్లో మట్టి గీకాడు. ఒక కణుపు లోతు గీకాక వేలికి దుంప తగిలింది. ఆగాడు. వేలు బయటికి తీసి చూసుకున్నాడు, తర్వాత ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ వాసన ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. నలభై ఏళ్ళు ఆయన భుజాల మీద ఆరిన వాసన అది. నవ్వు ముఖం మీద అలాగే ఉండి, మెల్లగా పోయింది. మిగతా ముగ్గురూ ఆయన ఏదో వెటకారం ఆడతాడని ఎదురుచూస్తున్నారు.

తాత చేతిలో ముక్కలు కింద పెట్టాడు. పువ్వును చూశాడు.  పువ్వు ముందు మనిషి అంత చిన్నగా కావడం నేను మళ్ళీ చూడలేదు.

"ఆ పొద్దు," అన్నాడు. దగ్గి మళ్ళీ అన్నాడు. "ఆ పొద్దు గుంట డొక్క లోపలికి పోతన్నాదన్నావు."

"అన్నాను."

"ఇంకా ఏటో సెప్పినావు. నాను గుమ్మం దాటీసినాను. ఇన్లేదు."

తాత ముక్కలన్నీ పక్కకు నెట్టాడు.

"ఏటి సెప్పినావో ఇప్పుడు సెప్పు."

నానమ్మ డబ్బా పక్కనే నేల మీద కూర్చుంది. ఆ పొద్దు పిల్ల ఎన్నింటికి లేచిందో అక్కణ్ణుంచి మొదలుపెట్టింది. పాలు ఎలా కక్కిందో, ఎవరిని పిలిస్తే ఎవరు రాలేదో, రోడ్డు మీద ఎంత దూరం వెళ్ళిందో, పిల్ల చెయ్యి తన మెడ మీద నుంచి ఎప్పుడు జారిందో చెప్పింది. తాత చివరిదాకా విన్నాడు.